మోనా మునుపు ఎలా ఉండేది

ఏటా ఆటలు మొదలయ్యే ముందు, మార్చి నెలలో, హాలిఫాక్స్ మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా ఓ చిన్న గదిలోకి పిలుస్తారు. జట్టు ఫిజియో ఇమోజెన్ ఎదురుగా కూర్చుని పది మాటలు చదువుతుంది. వేలు, దుప్పటి, నిమ్మకాయ, తాళం, చీమ... ఇలా ఒకదానితో ఒకటి పొత్తు కుదరని మాటలు. తర్వాత నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమంటుంది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటుంది. కాసేపయ్యాక, ఏమీ ఎరగనట్టు, "ఇందాకటి మాటలు మళ్ళీ చెప్పు" అంటుంది. ఎన్ని చెబితే అది ఆ మనిషి లెక్క. ఆటలో తలకి దెబ్బ తగిలినప్పుడు మళ్ళీ ఇదే పరీక్ష పెడతారు. మార్చి లెక్క కంటే తగ్గితే కూర్చోబెడతారు. తగ్గకపోతే ఆడనిస్తారు.

అందుకని ఆటలో నలిగినవాళ్ళు మార్చిలోనే తప్పులు చెబుతారు.

మోనా హాండ్రిగన్‌కి ఈ విద్య నార్వేలో అబ్బింది. అప్పుడామె చదువు ముగించుకుని తొలి జట్టులో కొత్తగా చేరిన డిఫెండర్. ఆ జట్టులోనే రాగ్న్‌హిల్డ్ అని ముక్కు రెండుసార్లు విరిగిన పెద్ద డిఫెండర్ ఒకామె ఉండేది. పరీక్ష గది బయట వరుసలో నిలబడి ఉండగా మోనా చెవి దగ్గర గొణిగింది.

"గుర్తున్నవన్నీ చెప్పేస్తావా ఏంటి? బళ్ళో మార్కులనుకున్నావా? ఇప్పుడు తెలివి చూపిస్తే ఎండాకాలమంతా బెంచీ మీద కూర్చుని చూపించాలి. ఓ మూడు వదిలెయ్. మరీ ఎక్కువ వదలకు, అనుమానం వస్తుంది."

మోనా మూడు వదిలింది. ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ వదిలింది. నార్వేలో, స్వీడన్‌లో, తిరిగి దేశం వచ్చాక హాలిఫాక్స్‌లో. తను కెప్టెన్ అయ్యాక కొత్త పిల్లలకు తనే చెప్పేది. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. మోకాలికి పట్టీ చుట్టుకోవడం లాంటిదే అదీను.

ఆ పట్టీ పుణ్యాన ఆమె ఏ ఆటా మానలేదు. కొన్నిసార్లు దేశం జట్టు చొక్కా కూడా వేసుకుంది. పేపర్లో ఆమె ఫొటో ఎప్పుడు పడినా ఒకేలా ఉండేది. కాళ్ళు నేల మీద ఉండవు, బంతి నుదుటికి ఆని ఉంటుంది, కళ్ళు మాత్రం విప్పారి ఉంటాయి. బంతి మీదికొస్తుంటే కళ్ళు మూసుకోని మనిషి మోనా అని తోటివాళ్ళు చెప్పుకునేవారు.

ఈ ఏడాది మార్చిలో ఆమెకు ముప్పై నాలుగు నిండాయి. అలవాటు ప్రకారం గదిలోకి వెళ్ళింది, అలవాటు ప్రకారం మూడు వదులుదామనుకుంది. ఇమోజెన్ మాటలు చదివింది, నెలలు అడిగింది, ఒంటికాలి మీద నిలబెట్టింది. "ఊఁ, ఇందాకటివి చెప్పు" అంది.

"వేలు," అంది మోనా. "చీమ. దుప్పటి."

ఆగింది. వదలాల్సినవి ఏవో తేల్చుకోవాలి. వదలాలంటే ముందు అవి ఉండాలి. లోపల చెయ్యి పెట్టి తడుముకున్నట్టు తడుముకుంది. నిమ్మకాయ తగిలింది. ఆ తర్వాత ఏమీ తగల్లేదు. తను కావాలని వదిలినవి ఏవో, తనను వదిలిపోయినవి ఏవో ఆమెకు తెలియలేదు.

"నాలుగు," అని ఇమోజెన్ నవ్వింది. "ఈసారి ఇంకాస్త బద్ధకించావు, కెప్టెన్."

మోనా కూడా నవ్వింది. బయటికొచ్చి, తర్వాతి పిల్లను లోపలికి వెళ్ళమని చెప్పి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది.

జూలైలో ఒక ఆటలో, పైకి లేచిన బంతి కోసం ఎగిరినప్పుడు అవతలి గోల్‌కీపర్ మోకాలు ఆమె కణతకు తగిలింది. మరీ పెద్ద దెబ్బ కాదు. అలాంటివి ఎన్నో తిన్నది. పక్కకు తీసుకుపోయి ఇమోజెన్ పరీక్ష పెట్టింది. నాలుగు మాటలు వచ్చాయి.

"మార్చిలో ఎంతో ఇప్పుడూ అంతే! నీకేం కాలేదు," అని ఇమోజెన్ సంబరంగా ఆమె వీపు తట్టింది. మర్నాటి నుంచే సాధన, వారం తిరక్కుండా ఆట.

డిఫెండర్‌కి కాళ్ళెంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యం. వెనక నిలబడి మైదానమంతా చూసేది తనే గనుక, ఎవరు ఎటు జరగాలో, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో పేరు పెట్టి అరిచి చెప్పాలి. ఆ దెబ్బ తర్వాత మోనా నోట్లో పేర్లు తారుమారయ్యాయి. "ఇంగ్రిడ్, ఎడమకి! ఇంగ్రిడ్!" అని అరిచేది. ఇంగ్రిడ్ పదేళ్ళ కిందటి నార్వే జట్టులో పిల్ల. హాలిఫాక్స్ జట్టులో ఆ పేరుగలవాళ్ళు లేరు.

"ఈ ఇంగ్రిడ్ ఎవరో గానీ మనకంటే బాగా ఆడేదనుకుంటానే," అని పిల్లలు స్నానాల గదిలో నవ్వుకునేవారు. "కెప్టెన్ మనల్ని పిలవనే పిలవదు, అన్నిటికీ ఇంగ్రిడే!"

ఒకరోజు మోనా సాధన మైదానం బయట కారులో కూర్చుని ఉంది. ఇంజను ఆపి ఉంది. సంచీ పక్క సీటులో ఉంది. తను ఇప్పుడే వచ్చిందా, అంతా అయిపోయి ఇంటికి బయల్దేరిందా అన్నది ఆమెకు అంతు చిక్కలేదు. చివరికి జుట్టు ముట్టుకుని చూసుకుంది. తడిగా ఉంది. అంటే స్నానం అయ్యింది, అంటే ఇంటికే అనుకుని బయల్దేరింది.

ఆ మర్నాడు ఇమోజెన్‌కి నిజం చెప్పేసింది.

ఇమోజెన్ ముఖంలో ముందు కోపం రాలేదు, భయం వచ్చింది. "అన్నేళ్ళూనా?"

"అన్నేళ్ళూ."

"మరి నీ అసలు లెక్క ఎంత?"

"అదే తెలీదు."

"అయితే నేను నిన్ను దేంతో పోల్చి చూడను, మోనా?"

ఆమె మోనాను డాక్టర్ బూడ్రో దగ్గరికి తీసుకెళ్ళింది. తల దెబ్బలు చూసే పెద్ద డాక్టరాయన. నిదానంగా మాట్లాడే మనిషి. మెదడు ఫొటోలు తీయించి, ఇలాంటి నష్టం ఫొటోల్లో పడదని తనే చెప్పాడు.

"మీలో మార్పు వచ్చిందని మీరంటున్నారు. కాగితం మీద మాత్రం ఏ మార్పూ లేదు," అన్నాడు. "ఇన్నేళ్ళు అబద్ధం చెప్పానని మీరే చెబుతున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి? మిమ్మల్ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అన్నయ్య ఉన్నాడు."

"కొన్నాళ్ళు ఆయన దగ్గరే ఉండి రండి. ఆయన మిమ్మల్ని చూశాక నాతో మాట్లాడమనండి. ఈ మనిషి మునుపు ఇలా ఉండేది కాదని ఆయనంటే చాలు, ఇక ఆడకూడదని నేను సంతకం పెడతాను, వైద్యం మొదలుపెడతాను. ఏ మార్పూ లేదంటే మాత్రం నేను చేయగలిగిందేమీ లేదు."

ఆట మానేయడం మోనా చేతిలో పనే. కానీ ఆ సంతకం లేకపోతే వైద్యం లేదు. అంతకంటే ముఖ్యం, ఇదంతా తన ఊహ కాదని ఎవరో ఒకరు అనాలి. ఆ ఒక్క మాట కోసం ఆమె విమానమెక్కి న్యూఫౌండ్‌ల్యాండ్ వెళ్ళింది.

అక్కడ ఆమె పుట్టిన రేవు ఊరు కేప్లిన్ కోవ్‌లో చేపల తర్వాత మాట్లాడుకునేది ఫుట్‌బాలే. మోనా అన్న అసలు పేరు అలోయిసియస్. ఊళ్ళో అందరికీ విష్. పీతల పడవ నడుపుతాడు, తీరిక వేళల్లో ఊరి ఆడవాళ్ళ జట్టుకు ఆట నేర్పుతాడు. గేటు దగ్గరే ఆమె సంచీ లాక్కున్నాడు.

"చిక్కిపోయావేంటే పిల్లా! హాలిఫాక్స్‌లో తిండి పెట్టరా, ఒట్టి గడ్డి పెడతారా? కార్మెల్, ఆ మూకుడు పొయ్యి మీద పెట్టు!"

అతని భార్య కార్మెల్ రొట్టె పిండి ముద్దలు పందికొవ్వులో వేయించి, పైన మొలాసిస్ అనే నల్ల బెల్లప్పాకం పోసి పెట్టింది. మోనా తింటూ ఉన్న సంగతి చెప్పింది. పరీక్ష సంగతి, పేర్ల సంగతి, కారులో కూర్చున్న సంగతి, డాక్టర్ అడిగిన సంగతి. ఒక్కటీ దాచలేదు.

విష్ మొదటి సగం విని పగలబడి నవ్వాడు. "నువ్వు నిజంగా తాత మనవరాలివే! కార్మెల్, విన్నావా? మా తాత గనిలో ఉన్నప్పుడు కంపెనీ డాక్టరు ఊపిరి పరీక్ష పెట్టేవాడు. ముందురోజంతా పొగ తాగకుండా, పొద్దున్నే తేనె నాకి పోయేవాడంట. దగ్గొస్తే జలుబండీ అనేవాడంట. మూడు సార్లు బురిడీ కొట్టించాడు ఆ డాక్టర్ని!"

"ఆ దగ్గుతోనే పోయాడుగా," అంది కార్మెల్.

"పోతే పోయాడు. చివరిదాకా పని మాత్రం మానలేదు."

"విష్, నేను నవ్వులాటకి చెప్పడం లేదు," అంది మోనా. "డాక్టరు ఫోన్ చేస్తాడు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. అంతే నేను అడిగేది."

"చెప్తాలేవే. నీకోసం ఆ మాత్రం చెప్పలేనా?"

ఆ వారమంతా ఆమె తనను తాను దాచుకోలేదు. కానీ కేప్లిన్ కోవ్ ఆమెను దాచేసింది. ఆ ఊళ్ళో తలుపు తట్టే అలవాటు లేదు. ఎవరింట్లోకైనా ఎవరైనా నేరుగా వచ్చి కూర్చుంటారు. ఒక మధ్యాహ్నం మోనా అంగడికి వెళ్ళి తిరిగొస్తూ, ఇల్లనుకుని పక్కింట్లోకి వెళ్ళింది. బూట్లు విప్పింది, పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటి ముసలాయన యూస్టస్ లోపల్నుంచి వచ్చాడు.

"నువ్వెప్పుడొచ్చావు, యూస్టస్?" అని అడిగింది మోనా.

"డెబ్భై తొమ్మిదేళ్ళయింది తల్లీ, ఇక్కడికొచ్చి!" అని అతను పకపకా నవ్వి, టీ కాచి ఇచ్చాడు. సాయంత్రం ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. మోనా ఎంత చమత్కారంగా మాట్లాడుతుందో చూడండి అన్నారు. నవ్వనిది కార్మెల్ ఒక్కతే. వెతుక్కుంటూ వెళ్ళి పక్కింటి గడపలో నిలబడినప్పుడు, ఆమె మోనా ముఖం చూసింది.

పీతల వేట అయిపోయిందా అని మోనా ఒకే పొద్దున మూడుసార్లు అడిగింది. "మీ ఆడుకునేవాళ్ళకి ధ్యాస ఎక్కడుంటుందే!" అన్నాడు విష్. ఆమె బూట్లు పొయ్యి కింది అరలో దొరికాయి. "చిన్నప్పుడూ ఇంతే. బస్సులో బూట్లు మర్చిపోయి వట్టికాళ్ళతో వచ్చేది," అన్నాడు. అలా ఎప్పుడైనా వచ్చిందా? వచ్చిందేమో. ఆమె ఒకటి చూపిస్తే అతను పాతదొకటి వెతికి దాని మీద కప్పేవాడు.

శుక్రవారం ఫోన్ మోగింది. విష్ వంటింట్లో నిలబడి తీసుకున్నాడు. మోనా బల్ల దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుంది. కార్మెల్ ఉప్పు చేప ముక్కలు నీళ్ళలో వేస్తూ ఆగింది.

"ఆ, నేనే డాక్టరుగారూ... మా మోనానా? భేషుగ్గా ఉంది." మోనా వైపు చూసి కన్ను గీటాడు. "లేదండీ, చిన్నప్పటి నుంచీ పరాకు మనిషే... ఆ, అంతా ఒకటే, ఏం తేడా లేదు... కోపమా? మా ఇంట్లో అందరికీ ఉందండీ అది, మందుందేమో మీరే చెప్పాలి... పేర్లా? నా పేరు తప్పితే అన్నీ గుర్తున్నాయి, హహ్హ! ... అవునండీ. చిన్నప్పటి నుంచీ ఇంతే. రాసుకోండి, ఇంతే."

ఫోన్ పెట్టేసి, గెలిచి వచ్చినవాడిలా చేతులు దులుపుకున్నాడు. "అయిపోయింది! ఇక నిన్ను ఎవడూ కూర్చోబెట్టలేడు."

"చూసింది చెప్పమన్నాను, విష్," అంది మోనా.

"చూసిందే చెప్పాను."

"నేను యూస్టస్ ఇంట్లో కూర్చున్నది చూళ్ళేదా? పీతల వేట గురించి మూడుసార్లు అడిగింది విన్లేదా?"

"అయితే ఏంటే?" అతని గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ముక్కూ మొహం తెలీని ఆ డాక్టరుతో నా చెల్లెలికి బుర్ర చెడిందని చెప్పాలా నేను? గోడల మీద ఉన్న నీ ఫొటోలన్నీ ఏమవుతాయి? ఈ ఊళ్ళో పిల్లలంతా నీ పేరు చెప్పుకుని ఆడుతున్నారు. డాక్టర్లకి మనం చెప్పేది ఒకటే, బాగున్నాం అని. నాన్న చెప్పాడు, తాత చెప్పాడు. నువ్వూ చెప్పావు, పదేళ్ళు చెప్పావు! ఇవాళ నేను చెబితే తప్పా?"

ఆమె అనబోయిన మాట ఎక్కడో జారిపోయింది. విష్ బయటికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కార్మెల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "నేను చూశాను," అంది మెల్లగా.

మోనా ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే నువ్వు చెప్పు. నువ్వు ఫోన్ చెయ్, కార్మెల్."

కార్మెల్ తల వంచుకుంది. "నేనిక్కడికి వచ్చేనాటికే నువ్వు నార్వేలో ఉన్నావు. మునుపు ఎలా ఉండేదని అడిగితే నేనేం చెప్పను? చెప్పినా... మీ అన్న అబద్ధమాడాడని చెప్పినట్టే కదా. ఆ తర్వాత ఈ ఇంట్లో అతనితో బతకాల్సింది నేను." మోనా ఇంకా వదలకపోతే, "చెయ్యి వదులు, నొప్పిగా ఉంది," అంది.

ఆదివారం కేప్లిన్ కోవ్ ఆడవాళ్ళకీ, పక్క రేవు ఊరు టరన్స్ పాయింట్ ఆడవాళ్ళకీ ఆట. విష్‌కి వెనక ఆడేవాళ్ళలో ఒకరు తక్కువయ్యారు. ఆడకూడదని ఎవరూ సంతకం పెట్టలేదు గనుక, వద్దనడానికి మోనా దగ్గర మాట లేదు. చొక్కా వేసుకుంది.

సముద్రం మీంచి పొగమంచు వచ్చి మైదానం మీద కూర్చుంది. ఊళ్ళోవాళ్ళు చలికి కారుల్లోంచి దిగలేదు. మైదానం చుట్టూ కారులు వరుసగా పెట్టుకుని, అద్దాలు తుడుచుకుంటూ చూస్తున్నారు. తమ జట్టు గోల్ కొడితే హారన్లు మోగిస్తారు. ఇటు వైపు కేప్లిన్ కోవ్ కారులు, అటు వైపు టరన్స్ పాయింట్ కారులు.

మొదటి సగంలో మోనా ఒక్క బంతినీ దాటనివ్వలేదు. మంచులోంచి బంతి ఊడిపడ్డట్టు వచ్చేది. ఎక్కడ పడుతుందో ఆమె ఒంటికి ముందే తెలిసేది. ఎగిరేది, నుదుటితో కొట్టేది, ప్రతిసారీ తలలో తెల్లగా ఏదో వెలిగి ఆరేది. "అదిగో చూడండి! దానికి ఏమైందంట?" అని విష్ అంచుల వెంట పరిగెడుతూ అరిచాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి. మోనా కూడా అందరి వెనకే నడిచి అవతలి వైపు వెళ్ళింది. కాసేపు బాగానే ఆడింది. తర్వాత ఒక కార్నర్ వచ్చింది. మూల నుంచి బంతి గోల్ ముందుకు ఎగరేస్తారు. ఆమె పొడగరి గనుక, తమ జట్టుకు కార్నర్ వచ్చినప్పుడల్లా ముందుకు పోయి తలతో గోల్ కొట్టడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. గోల్‌పోస్ట్ ఎదురుగా కనిపించింది. బంతి మంచులోంచి వంపు తిరుగుతూ వచ్చింది. కళ్ళు మూసుకోకుండా ఎగిరి, మెడ బిగించి, మూలకి గట్టిగా కొట్టింది. వల వణికింది.

మోనా రెండు చేతులూ పైకెత్తింది.

ఇటువైపు కారులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. ఒక క్షణం తర్వాత అవతలి వరుసలో ఒక హారన్ మోగింది, ఆ వెంటనే అన్నీ మోగాయి. వల ముందు కూలబడి ఉన్నది తమ కేప్లిన్ కోవ్ గోల్‌కీపరే. ఆ పిల్ల నోరు తెరుచుకుని మోనానే చూస్తోంది.

ఆమె చేతులు నెమ్మదిగా దిగాయి. జరిగింది అర్థమయ్యాక సిగ్గు కంటే ముందు ఆమెకు ఊరట కలిగింది. ఊరంతా చూసింది. ఇంక ఎవరూ కాదనలేరు. ఇంక చెబుతారు.

"మంచమ్మా, మంచు!" అని గోల్‌కీపర్ పిల్ల లేచి వచ్చి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. "నాకే బంతి కనపళ్ళేదు, నీకేం కనిపిస్తుంది?"

"టరన్స్ పాయింట్ వాళ్ళకి దానమిచ్చావా తల్లీ?" అని యూస్టస్ కారు అద్దం దించి అరిచాడు. "పాపం వాళ్ళకీ ఉండాలిలే ఒకటి!" ఇటువైపు కారుల్లో నవ్వులు లేచాయి. ఎవరో ప్రేమగా హారన్ ఒక్కసారి నొక్కారు, పర్లేదు అన్నట్టు.

మోనా కార్మెల్ కారు వైపు చూసింది. అద్దం మీద తుడిచిన చోటు నుంచి కార్మెల్ కనిపించింది. ఆమె ఒళ్ళో ఉన్న ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉంది, తల ఎత్తలేదు.

విష్ మైదానంలోకి వచ్చాడు. మనిషి నవ్వుతూనే ఉన్నాడు.

"మంచు కాదు, విష్," అంది మోనా.

"మంచే."

"నాకు అటేదో ఇటేదో..."

"మంచేనే పిల్లా. ఎవరికైనా జరుగుతుంది." అతను ఆమె భుజాలు రెండూ పట్టుకుని, చిన్నపిల్లను తిప్పినట్టు నెమ్మదిగా అవతలి వైపుకి తిప్పాడు. "అదిగో, అటు. ఇంక అటు కొట్టు." చేతులు వెంటనే తీయలేదు. వేళ్ళు చొక్కాలోంచి ఎముకకి తగిలేంత గట్టిగా పట్టుకుని, ఆమె వెనకాల నిలబడ్డాడు. అతనికి తెలుసునని ఆ వేళ్ళ వల్ల మోనాకు తెలిసింది. ఎప్పటికీ చెప్పడని కూడా తెలిసింది.

రిఫరీ బంతిని మధ్యలో పెట్టి, బయటికి పొమ్మని అతనికి సైగ చేశాడు. విష్ వదిలి వెళ్ళిపోయాడు. మోనా అతను తిప్పిన వైపే చూస్తూ నిలబడింది. అటు మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఈల వినపడింది.